మలావీ నుంచి పోండోలాండ్ దాకా: ఆఫ్రికా నాటు గంజాయి విత్తనం నిలవాలంటే

మలావీ సరస్సు పడమటి ఒడ్డున ఉన్న న్కోటాకోటా జిల్లాలో పండే గంజాయిని అక్కడివారు 'చంబా' అంటారు. ఎండిన పూగుత్తులను మొక్కజొన్న పొత్తు మీది పొట్టులో గట్టిగా చుట్టి, నారతో బిగించి, పొత్తు ఆకారంలోనే అమ్మడం అక్కడి పాత పద్ధతి. ఆ కట్టు విప్పితే అడుగున గింజలు రాలతాయి. కొనేవాడికి అవి చెత్త, పండించేవాడికి మాత్రం వచ్చే ఏటి విత్తనం. విత్తనాల దుకాణం గానీ, ప్యాకెట్టు గానీ, పేరు రాసిన చీటీ గానీ లేకుండా ఆ పంట తరతరాలుగా కొనసాగిందంటే, పొలంలో మగ మొక్కలను పీకకుండా వదిలేయడమే ప్రధాన కారణం. 'మలావీ గోల్డ్' అని ప్రపంచమంతా పిలిచే సరుకు వెనుక ఉన్నది ఒక బ్రాండు కాదు, గింజలతో నిండిన ఆ పొత్తు.

ఇప్పుడు అంతర్జాతీయ మార్కెట్టు కోరుతున్నది గింజ లేని సరుకు. ఆడ మొక్కకు పుప్పొడి తగలకపోతే అది గింజ కట్టదు, పూగుత్తి మాత్రం జిగురుతో బలుస్తుంది. ఈ కిటుకు పాశ్చాత్యులు కనిపెట్టిందేమీ కాదు. 1893–94లో పనిచేసిన భారత గంజాయి విచారణ సంఘం నాటికే బెంగాల్‌లో మగ మొక్కలను గుర్తుపట్టి ఏరివేయడానికి ప్రత్యేకంగా కూలికి కుదుర్చుకునే నిపుణులు ఉండేవారు. కానీ ఆఫ్రికా ఆగ్నేయ భాగంలోని చిన్న కమతాల్లో ఈ ఏరివేత అంత గట్టిగా జరగలేదు. మార్కెట్టు దృష్టిలో అది నాణ్యతాలోపం. విత్తన పరిరక్షణ దృష్టిలో అదే ఆ రకాలను బతికించిన గుణం. కొనుగోలుదారు మెప్పు కోసం రైతు మగ మొక్కలను పీకడం మొదలుపెట్టిన రోజున, విత్తనం కోసం వేరే ఏర్పాటు చేసుకోకపోతే, ఆ రకం ఆ పొలంలో ఒక్క పంటతో ఆగిపోతుంది.

నాటు రకం అనే మాటను ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. వరిలో ఒక దేశవాళీ రకం అంటే దాదాపు ఒకే పోలికతో ఉండే మొక్కలని మనకు అలవాటైన భావన. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది కనుక నాలుగు మంచి వెన్నులు దాచినా రకం దాదాపుగా దక్కుతుంది. గంజాయి అలా కాదు. ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు, పుప్పొడిని మోసేది గాలి. అందువల్ల ఒక లోయలో కనిపించే నాటు గంజాయి నిజానికి ఒక జనాభా. అందులో పొట్టివి, పొడుగువి, ముందు పూసేవి, ఆలస్యంగా పూసేవి, బూజును తట్టుకునేవి, తట్టుకోలేనివి కలిసి ఉంటాయి. వాన ముందుగా వెనుదిరిగిన ఏడాది ముందు పూసేవి ఎక్కువ గింజ ఇస్తాయి, వాన సాగిన ఏడాది బూజును తట్టుకున్నవి మిగులుతాయి. ఏ ఒక్క మొక్కనూ తెచ్చి 'ఇదీ మలావీ గోల్డ్' అని చూపలేకపోవడమే దాని లక్షణం. ప్యాకెట్టు మీది పేరుకూ లోపలి జన్యువులకూ పొంతన లేని సందర్భాలు గంజాయిలో చాలా ఉన్నాయని జన్యు పరీక్షలు చూపాయి. అందుచేత పేరును నమ్ముకుని చేసే పరిరక్షణకు పునాది ఉండదు.

జనాభాను కాపాడాలంటే ఎన్ని మొక్కలు కావాలనేది ఊహకు వదిలేసే విషయం కాదు, దానికి లెక్క ఉంది. ఒకరి దగ్గర పాత విత్తనం కొద్దిగా ఉంది, అందులో ఇరవై ఆడ మొక్కలు, ఒకే ఒక్క మగ మొక్క బతికాయి అనుకుందాం. ఇరవై ఒక్క మొక్కలున్నాయి కదా అని ధైర్యపడితే పొరపాటే. జనాభా జన్యుశాస్త్రంలో వాడే సూత్రం ప్రకారం, ఆడ మొక్కల సంఖ్యను మగ మొక్కల సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగు రెట్లు చేసి, మొత్తం మొక్కల సంఖ్యతో భాగిస్తే అసలు ప్రభావశీల సంఖ్య వస్తుంది. ఈ ఉదాహరణలో అది 3.8. అంటే ఇరవై ఒక్క మొక్కల మడి జన్యుపరంగా నాలుగు మొక్కల పాటి కూడా చేయదు, ఒక్క తరంలోనే వైవిధ్యంలో సుమారు 13 శాతం పోతుంది. ఆడ మొక్కలను నూరు చేసినా ఆ సంఖ్య నాలుగు దాటదు, ఎందుకంటే పిల్లలన్నిటికీ తండ్రి ఒక్కటే. ముప్ఫై ఆడ, ముప్ఫై మగ మొక్కలు ఉంటే సంఖ్య 60 అవుతుంది, నష్టం ఒక శాతం లోపే ఉంటుంది. 'మంచి మగ మొక్క ఒకటి ఎంచుకుని, దాని పుప్పొడితో అన్నిటినీ తడిపాం' అని గర్వంగా చెప్పే పద్ధతి రకాన్ని తీర్చిదిద్దేవాళ్లకు పనికొస్తుందేమో గానీ, కాపాడేవాళ్లకు అది నష్టదాయకం.

అరుదైన గుణాల సంగతి ఇంకా సున్నితం. ఒక్కో మొక్కలో ఒక జన్యువుకు రెండు ప్రతులుంటాయి. జనాభాలోని మొత్తం ప్రతుల్లో ఇరవైలో ఒక వంతుగా మాత్రమే ఉన్న జన్యురూపం ఒకటి ఉందనుకుంటే, పది మొక్కల నుంచే విత్తనం ఏరినప్పుడు అది పూర్తిగా జారిపోయే అవకాశం మూడింట ఒక వంతుకు పైనే. ముప్ఫై మొక్కల నుంచి ఏరితే ఆ అవకాశం ఐదు శాతానికి దిగుతుంది, యాభై మొక్కలైతే ఒక శాతానికి లోపు. పొలంలో విత్తనం సేకరించేటప్పుడు కనీసం యాభై మొక్కల నుంచి, అదీ బాగున్నవి చూసి కాకుండా పొలమంతా నడిచి, ఎదురైన వాటి నుంచి తీసుకోవాలని విత్తన బ్యాంకుల శాస్త్రజ్ఞులు చెప్పడానికి ఆధారం ఈ లెక్కే. కంటికి నచ్చిన మొక్కను ఎంచుకోవడం మనిషికి సహజం. ఆ సహజమైన పనే ఇక్కడ రకాన్ని ఇరుకు చేస్తుంది.

ఈ కొలబద్దతో చూస్తే, అంతా ఆడ మొక్కలే వచ్చేలా తయారుచేసిన విత్తనం నాటు రకాల పరిరక్షణకు ఎందుకు పనికిరాదో తేలిపోతుంది. అటువంటి విత్తనంలో తండ్రి వైపు పుప్పొడి కూడా ఆడ మొక్క నుంచి రప్పించినదే. అందువల్ల మగ లక్షణాన్ని నిర్ణయించే వై క్రోమోజోము ఆ వంశంలో లేకుండా పోతుంది. కొమ్మ అంటు ద్వారా పెంచిన తోటలో అసలు తరం మారడమే ఉండదు. ఈ రెండూ వ్యాపారానికి అచ్చొచ్చిన పద్ధతులే, వాటిని తప్పుపట్టనవసరం లేదు. వాటిని 'వారసత్వ విత్తనం' అనే పేరుతో అమ్మడం మాత్రం తప్పుదారి పట్టించడమే.

ఇక గాలి సంగతి. మొరాకోలోని రిఫ్ కొండల గంజాయి పొలాల పుప్పొడి మధ్యధరా సముద్రాన్ని దాటి స్పెయిన్ దక్షిణ తీరంలోని మాలగా దగ్గర గాలి నమూనాల్లో పట్టుబడినట్టు 1990లలోనే శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అంత దూరం పోయిన పుప్పొడి గింజ కట్టించగలదా అన్నది వేరే ప్రశ్న. కానీ పక్క కొండ మీద సంకరజాతి తోట ఉంటే ఈ కొండ మీది నాటు రకం బెరకైపోతుందని చెప్పడానికి అంత రుజువు చాలు. ఒకే మొక్క మీద ఆడ, మగ పూలు రెండూ పూసే హెంప్ (నార, గింజల కోసం పెంచే గంజాయి) రకాల మూల విత్తనోత్పత్తికి యూరోపియన్ యూనియన్ 5 కిలోమీటర్ల ఎడం దూరం పెట్టింది. మన దగ్గర వరి, పత్తి విత్తన పొలాల్లో కేళీలు, అంటే రకానికి చెందని బెరకు మొక్కలు, ఏరివేసే రైతుకు ఈ బాధ కొత్తది కాదు, అయితే ఇక్కడ కేళీ కంటికి కనబడదు, పుప్పొడిగా ఎగిరొస్తుంది. గంజాయి వనంలో తులసి మొక్క అనే సామెతను ఈ పొలాల్లో తిరగేసి చెప్పుకోవాలి: ఇక్కడ భయపడవలసింది వనం మధ్యలో చేరిన ఒక్క పరాయి మొక్కకే.

ఆఫ్రికాకు ఈ మొక్క స్వదేశీ కాదు. ఆసియాలో పుట్టి, హిందూ మహాసముద్రపు వర్తక మార్గాల్లో తూర్పు తీరానికి చేరింది. స్వాహిలీలో 'బంగి', జింబాబ్వేలో 'మ్బంజె' అనే పేర్లు మన 'భంగు' నుంచి వెళ్లినవే. ఇథియోపియాలోని లాలిబెల గుహ తవ్వకాల్లో దొరికిన, 14వ శతాబ్దానికి చెందిన పొగగొట్టాల్లో గంజాయి ఆనవాళ్లు కనిపించాయి. తూర్పు తీరం నుంచి లోతట్టుకు, దక్షిణాన ఖోయి, సాన్, ఎన్గూని జాతుల వరకు విత్తనం చేతులు మారుతూ పోయింది. ఖోయి భాష నుంచి వచ్చిన 'డగ్గా', జూలూ 'ఇన్సాంగు', లెసోతోలోని 'మటెకొవానె' – ఒక్కో పేరు వెనుక ఒక్కో వాతావరణం ఉంది. లెసోతో దేశమంతా వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది, అక్కడి రకానికి చలి తెలుసు. మలావీ సరస్సు ఒడ్డు రకానికి తేమ, వేడి తెలుసు. రెండింటినీ 'ఆఫ్రికా సటైవా' అనే ఒకే గాటన కట్టడం విత్తన వ్యాపారుల సౌకర్యమే తప్ప వృక్షశాస్త్రం కాదు.

పగటి నిడివి దగ్గర ఈ తేడా ముదిరిపోతుంది. గంజాయి పగలు కుదించుకుపోయినప్పుడు పూతకు వస్తుంది. న్కోటాకోటా భూమధ్యరేఖకు దక్షిణంగా సుమారు 13 డిగ్రీల దగ్గర ఉంది. అక్కడ ఏడాది పొడవునా పగటి నిడివి పదకొండుంపావు గంటలకు, పదమూడు గంటలకు మధ్యనే ఊగుతుంది. మార్పు అంత స్వల్పం కనుక అక్కడి మొక్క తొందరపడదు, నెలల తరబడి పూస్తూ, పాత పూలు ముదురుతుండగానే కొత్తవి తొడుగుతుంది. ఆమ్‌స్టర్‌డ్యామ్ 52 డిగ్రీల ఉత్తరాన ఉంది. వేసవిలో పగలు పదహారు గంటలు దాటుతుంది, శరదృతువు ముదిరేసరికి మంచు పడుతుంది. మలావీ విత్తనాన్ని అక్కడ ఆరుబయట నాటితే, మంచు పడకముందే గింజ ముదిరే కొన్ని తొందరగాళ్లు మాత్రమే మరుసటి ఏటికి విత్తనం ఇస్తాయి. రెండు మూడు తరాలు గడిచేసరికి చేతిలో ఉన్నది తొందరగా పూసే కొత్త రకం. 'డర్బన్ పాయిజన్' పేరుతో ప్రపంచమంతా దొరికే విత్తనంలో చాలా భాగం ఇలా ఉత్తరాదిలో త్వరగా కోతకు వచ్చేలా ఎంచుకున్న వంశాలదే. అది మంచి రకమే కావచ్చు. కానీ డర్బన్ వెనుక కొండల్లో 50 ఏళ్ల కిందట పండిన జనాభాకు అది ప్రతినిధి కాదు. అందుకే విత్తనాన్ని పుట్టిన అక్షాంశంలోనే, పుట్టిన వానకాలంలోనే తరం మార్చడం అన్నిటికంటే చవకైన, అన్నిటికంటే నమ్మకమైన పద్ధతి.

తరం మార్చడాన్ని తగ్గించుకోవడానికి ఉన్న సాధనం నిల్వ. ప్రతి తరంలోనూ కొంత పోతుంది కనుక, ఏటేటా నాటడం కంటే ఒకసారి బాగా పండించి చాలాకాలం దాచడం మేలు. గంజాయి గింజ ఎండబెట్టినా, గడ్డకట్టించినా చావని కోవలోది. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రం ఒకటి ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయువు రెట్టింపు అవుతుంది, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే మళ్లీ రెట్టింపు అవుతుంది. విత్తన బ్యాంకులకు ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పెట్టిన ప్రమాణాల ప్రకారం దీర్ఘకాలిక నిల్వ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి, దాచేనాటికి మొలక శాతం సాధారణంగా 85కు పైన ఉండాలి. ఇక్కడ క్రమం ముఖ్యం. ముందు నీడలో, పొడిగాలిలో నెమ్మదిగా ఆరాలి, ఆ తరవాతే గాలి చొరని డబ్బాలోకి, చలిలోకి పోవాలి. తడి ఆరని గింజను ఫ్రీజర్లో పెడితే లోపలి నీరు గడ్డకట్టి పిండం చస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాను బయటి వేడికి సర్దుకోకముందే తెరిస్తే గాలిలోని తేమ గింజల మీద చెమర్చి, ఆరబెట్టిన శ్రమంతా ఒక్క పూటలో వృథా అవుతుంది. మన ఊళ్లలో కంది, పెసర గింజలకు బూడిద, వేపాకు కలిపి కుండల్లో దాచడం, ఆఫ్రికా పల్లెల్లో మొక్కజొన్న కంకులను వంట పొయ్యి పొగకు వేలాడదీయడం – రెండూ తేమ మీద, పురుగు మీద చేసిన యుద్ధాలే. వాటితో ఒకటి రెండేళ్లు గడుస్తాయి, పదేళ్లు గడవవు.

అంతర్జాతీయ విత్తన వ్యవస్థ ఈ పంటను పట్టించుకోకపోవడానికి చట్టమే కారణం. చట్టంలోని వైరుధ్యం కూడా విచిత్రమైనది. 1961 నాటి ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల ఒడంబడికలో గంజాయి అంటే పూగుత్తులు మాత్రమే, విడిగా ఉన్న గింజ ఆ నిర్వచనంలోకి రాదు. మన 1985 నాటి మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కూడా అదే నిర్వచనాన్ని తీసుకుంది, అయితే అనుమతి లేకుండా మొక్కను పెంచడం మాత్రం నేరం, దానికి కఠిన శిక్ష ఉంది. అంటే గింజ మాదకద్రవ్యం కాదు, దాన్ని నాటడం నేరం. నాటకుండా దాచిన గింజ ఏదో ఒకనాటికి చస్తుంది కాబట్టి ఇలాంటి చట్టం కింద పరిరక్షణ వాయిదా పడుతుంది తప్ప పూర్తికాదు. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో పండే 'శీలావతి' గంజాయికి కూడా ఇదే పరిస్థితి, అక్కడ పంటను ధ్వంసం చేసేటప్పుడు జన్యు నమూనా దాచాలన్న ఆలోచనకు చట్టంలో సులువైన దారి లేదు.

ఆఫ్రికాలో నిషేధపు చరిత్రకు తెలుగువారితో నేరుగా సంబంధం ఉంది. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న ఒప్పంద కూలీలతో డర్బన్ చేరింది. ఆ తరవాతి దశాబ్దాల్లో డర్బన్ ఉన్న నాటాల్ వలసరాజ్యపు చెరకు తోటలకు వెళ్లినవారిలో కోస్తా జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. 1870లో నాటాల్ ప్రభుత్వం చేసిన చట్టం 'కూలీలు' గంజాయి తాగడాన్ని, ఉంచుకోవడాన్ని, వారికి అమ్మడాన్ని నిషేధించింది. ఆ ప్రాంతంలో ఈ మొక్క మీద వచ్చిన తొలి ఆంక్షల్లో అది ఒకటి, దాని గురి తోట పని చెడకుండా చూసుకోవడం మీదే. 1920లకు వచ్చేసరికి దక్షిణాఫ్రికా దేశమంతటా నిషేధం విధించడమే కాక, డగ్గాను అంతర్జాతీయ నియంత్రణ కిందికి తేవాలని నానాజాతి సమితిని కోరింది.

ఆ నిషేధం నాటు రకాలను తుడిచిపెట్టలేదు. దక్షిణాఫ్రికాలో ఈస్టర్న్ కేప్ తీరంలోని పోండోలాండ్ లోయల్లో, రోడ్డు చేరని వాగుల పక్కన, మక్క చేల మధ్య అవి సాగాయి. పోలీసులు హెలికాప్టర్ల నుంచి గ్లైఫోసేట్ చల్లి పంటను, దానితోపాటు కూరగాయలను మాడ్చినా రైతులు మళ్లీ విత్తారు. అక్రమమైన పంటకు ధర ఉంటుంది, బయటి విత్తనం రాదు, పొలాలు ఒకదానికొకటి దూరంగా దాక్కుని ఉంటాయి. ఈ మూడూ కలిసి ఎవరూ ఉద్దేశించని విత్తన పరిరక్షణగా పనిచేశాయి. నిషేధాన్ని సమర్థించే మాట కాదిది, జైలుకు పోయిన రైతుల లెక్క వేరే ఉంది.

అసలు ఒత్తిడి అనుమతులతో వచ్చింది. 2017లో లెసోతో వైద్య గంజాయి సాగుకు లైసెన్సు ఇచ్చిన తొలి ఆఫ్రికా దేశమైంది, జింబాబ్వే 2018లో, మలావీ 2020లో ఆ దారిలోకి వచ్చాయి. 2018 సెప్టెంబరు 18న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం పెద్దలు వ్యక్తిగతంగా పెంచుకోవడాన్ని, వాడడాన్ని నేరం కాదని తేల్చింది, 2024 మేలో దానికి తగిన చట్టం మీద అధ్యక్షుడి సంతకం పడింది. మందుల ఎగుమతికి ప్రతి విడత సరుకులోనూ ఒకే మోతాదు రసాయనం ఉండాలి. జనాభాగా ఉండే నాటు రకం ఆ పరీక్షలో నెగ్గదు. అందువల్ల లైసెన్సు కంపెనీలు విదేశీ వంశాలను అంటుమొక్కలుగా తెచ్చి హరితగృహాల్లో పెంచాయి. లైసెన్సు రుసుము, కంచె, నిఘా ఖర్చు లోయలోని చిన్న రైతుకు అందేవి కావు. మరోవైపు నగరాల్లో ఇంటి పెంపకం పెరిగి, హరితగృహాల సరుకు పోగై, పోండోలాండ్ ధర పడిపోయింది. ధర పడితే రైతు ఎక్కువ ధర పలికే సంకర విత్తనం వైపు చూస్తాడు, లేదా పంట మానేస్తాడు. ఎలా చూసినా నష్టపోయేది విత్తనమే. వందేళ్ల నిషేధానికి తట్టుకున్న రకానికి పదేళ్ల అనుమతిని తట్టుకోవడం కష్టంగా ఉంది.

మొరాకో అనుభవం ఇందుకు కొంత భిన్నం. రిఫ్ కొండల్లో 'బెల్దియా', అంటే నాటుది, వాన మీద ఆధారపడి పండేది. దాని స్థానంలో 'ఖర్దాలా' వంటి సంకర రకాలు వచ్చి, ఎక్కువ దిగుబడి ఇచ్చినా బావులను ఎండగట్టాయి. 2021లో 13-21 నంబరు చట్టంతో వైద్య, పారిశ్రామిక సాగును అనుమతించిన ప్రభుత్వం, 2024లో బెల్దియాను కూడా చట్టబద్ధ సాగులోకి రానిచ్చింది. అదే ఏడాది ఆగస్టులో గంజాయి సాగు కేసుల్లో చిక్కిన 4,800 మందికి పైగా రైతులకు రాజు క్షమాభిక్ష ప్రసాదించాడు. నాటు రకానికి చట్టంలో చోటు దొరికితే చాలదు, దాన్ని పండించే మనిషికీ చోటు దొరకాలన్న సంగతిని ఇక్కడ చూడవచ్చు. నీటి కొరత లేకపోతే ఆ నిర్ణయం అంత త్వరగా వచ్చేది కాదేమో.

ఇక హక్కుల ప్రశ్న. ఆహార పంటల జన్యువనరులను దేశాల మధ్య సులువుగా పంచుకోవడానికి 2001లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందపు పంటల జాబితాలో గంజాయి లేదు. అందుచేత జన్యువనరుల లాభాల పంపకం మీద 2014లో అమల్లోకి వచ్చిన నగోయా ప్రోటోకాల్ ప్రకారం, తీసుకునేవాడు ఇచ్చే దేశంతో, సమాజంతో విడిగా ఒప్పందం చేసుకోవాలి. దక్షిణాఫ్రికాలో దీనికి నమూనా ఉంది: రూయిబోస్ టీ మీద పొలం ధరలో 1.5 శాతం ఖోయి, సాన్ సమాజాలకు చెందేలా 2019లో పరిశ్రమ ఒప్పుకుంది. దక్షిణ ఆఫ్రికా నాటు రకాల్లో కొన్నిటిలో ఎక్కువగా కనిపించే టీహెచ్‌సీవీ అనే రసాయనం మీద మందుల పరిశోధకుల కన్ను పడింది కనుక, గంజాయిలోనూ ఈ లెక్క తేల్చవలసిన రోజు దూరంలో లేదు. చిక్కల్లా ఆధారాల దగ్గరే. 1970ల నుంచి ప్రయాణికుల జేబుల్లో, పుస్తకాల మధ్య దేశాలు దాటిన గింజలు ఏ లోయవో, ఎవరి పొలంలోవో, ఎన్ని మొక్కల నుంచి ఏరినవో రాసి ఉంచిన సందర్భాలు అరుదు. అందుకే ఇప్పుడు సేకరించే ప్రతి పొట్లం మీద రకం పేరు కంటే ముందు ఊరు, సముద్రమట్టం నుంచి ఎత్తు, ఏరిన తేదీ, ఆడ మొక్కల సంఖ్య, పొలంలో కనిపించిన మగ మొక్కల అంచనా, ఇచ్చిన రైతు సమ్మతి రాయాలి. అదే విత్తనంలో ఒక భాగం ఆ ఊళ్లోనే, ఆ రైతు దగ్గరే మిగిలి ఉండాలి.